టీసీ అడిగే ముందు

జూన్‌లో బళ్ళు తెరిచే రోజున కయత్తారు నుంచి కోవిల్‌పట్టి దాకా ఏ ఊరి మలుపు దగ్గర చూసినా పసుపు రంగు వ్యాన్లే. ఊళ్ళో ప్రభుత్వ బడి ఉంటుంది. రుసుము ఉండదు, పుస్తకాలు, యూనిఫారం, మధ్యాహ్న భోజనం ఉంటాయి. అయినా ఐదేళ్ళ పిల్లలు పొద్దున్నే వ్యానెక్కి టౌనుకు పోతున్నారు. ఎందుకని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: 'ఇక్కడ చదువు సరిగా లేదు.'

ఆ మాటను మేము కాదనడం లేదు. కొన్ని బళ్ళలో నిజంగానే చదువు సరిగా లేదు. అయితే 'చదువు సరిగా లేదు' అన్న మాటకూ 'టీసీ ఇవ్వండి' అన్న మాటకూ మధ్య తల్లిదండ్రులు చేయగలిగిన పనులు అరడజను దాకా ఉన్నాయి. చాలా ఇళ్ళలో వాటిలో ఒక్కటి కూడా జరగడం లేదు. పిల్లను వేరే బడికి మార్చడం తల్లిదండ్రుల హక్కు, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ అది మొదటి మెట్టు కాకూడదు. ముందు అడగాలి, రాయించాలి, ఒక గడువు పెట్టాలి. ఆ గడువు దాటితే మొహమాటం లేకుండా మార్చాలి. మేము చెప్పదలచింది ఇంతే.

ఈ ప్రాంతంలో ఈ విషయం మనవాళ్ళకు మరీ ముఖ్యం. కయత్తారు, ఎట్టయాపురం, కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ చుట్టూ ఉన్న నల్లరేగడి ఊళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 1799 అక్టోబర్ 16న కయత్తారులో ఉరికంబమెక్కిన కట్టబొమ్మన్ తెలుగు మాట్లాడే పాళెగాళ్ళ వంశంవాడు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టి తమిళంలో ఈ నేల కథలు రాసిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. రెడ్లు, కమ్మవారు, రాజకంబళంవారు, అరుంధతీయులు అందరూ కలిస్తేనే మన సమాజం. వీరిలో భూమీ వ్యాపారమూ ఉన్నవారు ఎప్పుడో ప్రైవేటు బడికి మారిపోయారు. అగ్గిపెట్టెల పనికో, కూలికో, పారిశుద్ధ్యం పనికో పోయే ఇళ్ళ పిల్లలే ప్రభుత్వ బడిలో మిగిలారు. అరుంధతీయులకు తమిళనాడు ప్రభుత్వం 2009లో 3 శాతం ఉపకోటా ఇచ్చింది. ఆ కోటా చేతికి అందాలంటే ముందు పన్నెండో తరగతి గట్టెక్కాలి. అంటే ఊరి బడి బాగుపడకపోతే ముందుగా నష్టపోయేది మనలో అందరికన్నా పేదవారే.

మొదటి పని, లోపం ఎక్కడుందో కనుక్కోవడం. 'చదువు సరిగా లేదు' అన్న ఒక్క మాట కింద మూడు వేరు వేరు జబ్బులు దాగి ఉంటాయి. బడిలో చాలినంతమంది ఉపాధ్యాయులు లేకపోవడం ఒకటి. ఉన్నవారు సరిగా చెప్పకపోవడం రెండోది. చెప్పేది పిల్లకు అర్థం కాకపోవడం మూడోది. ఇంట్లో అమ్మ 'ఇట్లా రా' అంటుంది, బడిలో టీచరు 'ఇంగే వా' అంటుంది. ఒకటో తరగతి పిల్ల ఈ రెంటి మధ్య కొన్ని నెలలు తడబడడం సహజం. దాన్ని బడి లోపం అనుకుని ఇంగ్లీషు మీడియంలో వేస్తే రెండు భాషల తడబాటు మూడు భాషలది అవుతుంది. మూడు జబ్బులకూ మందు ఒకటి కాదు. పోస్టు ఖాళీగా ఉంటే పైఅధికారిని అడగాలి. పాఠం చెప్పకపోతే హెడ్‌మాస్టర్‌ను అడగాలి. అర్థం కాకపోతే పిల్లతో మనమూ టీచరూ కలిసి కూర్చోవాలి.

కనుక్కోవడానికి పెద్ద చదువు అక్కరలేదు. మూడో తరగతి పిల్ల చేతికి రెండో తరగతి వాచకం ఇచ్చి ఒక పేజీ చదవమనండి. రెండంకెల తీసివేత ఒకటి చేయమనండి. దేశమంతా ఇళ్ళకు వెళ్ళి పిల్లల చదువును పరీక్షించే 'అసర్' సర్వే చేసేదీ దాదాపు ఇదే. మన రాష్ట్రంలో 2022లో మొదలైన 'ఎణ్ణుం ఎళుత్తుం' పథకంలో చిన్న తరగతుల పిల్లల్ని అరుంబు, మొట్టు, మలర్ అని మూడు స్థాయిలుగా చూస్తారు. 'మా పిల్ల ఇప్పుడు ఏ స్థాయిలో ఉంది? పోయిన టర్ములో ఏ స్థాయిలో ఉండేది?' అని క్లాసు టీచరును అడగండి. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం వేళకు బడికి రావడం, పాఠ్యాంశం పూర్తి చేయడం, ప్రతి పిల్ల ఎంత నేర్చుకున్నదో చూడడం, తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై ఆ సంగతి చెప్పడం ఉపాధ్యాయుల విధులు. కాబట్టి అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

ఇక ప్రైవేటు బడి సంగతి. అక్కడికి మారిస్తే చదువు వస్తుందా? 2024 అసర్ లెక్క ప్రకారం దేశంలోని గ్రామాల్లో ఐదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు ప్రభుత్వ బళ్ళలో దాదాపు 45 శాతం, ప్రైవేటు బళ్ళలో దాదాపు 59 శాతం. తేడా ఉంది. కానీ డబ్బు కట్టిన ఇళ్ళలోనూ పదిమందిలో నలుగురు పిల్లలు చదవలేకపోతున్నారు. పైగా ఆ తేడా అంతా బడి గొప్పే అనుకోవడానికి లేదు. ప్రైవేటుకు పంపగలిగిన ఇంట్లో చదువుకున్న తల్లీ, ట్యూషనూ ఉండే అవకాశం ఎక్కువ.

దీన్ని తేల్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పెద్ద ప్రయోగమే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008 నుంచి ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో ప్రభుత్వ బడి పిల్లలకు లాటరీ తీశారు. లాటరీ తగిలినవారు ఖర్చు లేకుండా ప్రైవేటు బడికి వెళ్ళారు, తగలనివారు ఉన్నచోటే చదివారు. నాలుగేళ్ళ తరువాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ప్రైవేటుకు వెళ్ళినవారు హిందీలో ముందున్నారు. ప్రైవేటు బళ్ళు తెలుగుకూ లెక్కలకూ తక్కువ గంటలు కేటాయించి ఆ సమయాన్ని ఇతర విషయాలకు వాడాయి. ఒక్కో పిల్లకు వాటి ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. అంటే ఆ బళ్ళు పనికిరానివని కాదు, తక్కువ ఖర్చుతో అంతే నేర్పాయి. కానీ 'వ్యాను ఎక్కిస్తే చదువు దానంతట అదే వస్తుంది' అన్న నమ్మకానికి ఆ ప్రయోగంలో ఆధారం దొరకలేదు. 2015లో అచ్చయిన ఈ అధ్యయనాన్ని మన తల్లిదండ్రులు అప్పు చేసేముందు ఒకసారి తలుచుకోవాలి.

వెళ్ళిపోయిన పిల్లల వల్ల వెనక మిగిలినవారి మార్కులు తగ్గలేదని కూడా ఆ అధ్యయనం చెప్పింది. అది నిజమే. కానీ మన చిన్న ఊళ్ళలో మా భయం మార్కుల గురించి కన్నా పోస్టుల గురించి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఐదో తరగతి దాకా ఉన్న బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు ఉండాలి. 61 మంది ఉన్న బడి నుంచి ఒక్క టీసీ బయటికి పోతే మూడో ఉపాధ్యాయుడి పోస్టుకు లెక్క చాలదు. అప్పుడు ఐదు తరగతులకు ఇద్దరే దిక్కు. వారిలో ఒకరు హెడ్‌మాస్టర్ పనులతో, ఆన్‌లైన్ నమోదులతో సగం పూట గడుపుతారు. ఇది చూసి ఇంకో నలుగురు టీసీ అడుగుతారు. బడి ఒక్క రోజులో మూతపడదు, ఇలా ఒక్కో కాగితంతో చిక్కిపోతుంది. ఆఖరికి తలుపు మూసే రోజున మిగిలేది వ్యాను డబ్బు కట్టలేని ఇంటి పిల్లలే.

అందుకే ముందు అడగాల్సిన చోట్లు వరుసగా చెబుతున్నాం.

మొదటి చోటు హెడ్‌మాస్టర్ గది. నోటిమాటగా కాకుండా, నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. 'చదువు బాగాలేదు' అని రాయకండి. 'నాలుగో తరగతికి జూన్ నుంచి లెక్కల పాఠం జరగడం లేదు' అని రాయండి. నకలు మీద తేదీ వేయించుకుని సంతకం తీసుకోండి.

రెండో చోటు పాఠశాల యాజమాన్య కమిటీ, మన ఊళ్ళలో 'పళ్ళి మేలాణ్మై కుళు' అంటారు. చట్టం 21వ సెక్షన్ ప్రకారం సభ్యుల్లో నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులే అయి ఉండాలి, మొత్తంలో సగంమంది ఆడవారు కావాలి. బడి పనిని గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో చూడడం దాని పనులు. చాలామంది తల్లులు ఇందులో సభ్యులుగా ఉన్నారు. కానీ సంతకం పెట్టి రావడమే సభ్యత్వం అనుకుంటున్నారు. తీర్మానం పుస్తకంలోకి ఎక్కిన మాటకు ఉన్న బలం వీధిలో అనుకున్న మాటకు లేదు. 2022లో మన ప్రభుత్వం బళ్ళలోని 13,331 ఖాళీలను తాత్కాలిక ఉపాధ్యాయులతో నింపాలనుకున్నప్పుడు ఆ నియామకం బాధ్యతను ఈ కమిటీల ద్వారానే నడపాలనుకుంది. కమిటీ చేతిలో ఉన్న పని చిన్నదేమీ కాదు.

మూడోది గ్రామసభ. జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, నవంబర్ 1 తేదీల్లో మన రాష్ట్రంలో గ్రామసభలు జరుగుతాయి. నీళ్ళ కుళాయి గురించి అడిగినట్టే బడి ఖాళీ గురించీ అక్కడ అడిగి తీర్మానం రాయించవచ్చు. కయత్తారులాంటి పట్టణ పంచాయతీల్లో వార్డు కౌన్సిలర్ దగ్గర మొదలుపెట్టాలి.

నాలుగోది విద్యాశాఖ. బ్లాకు విద్యాధికారికి రాసిన ఉత్తరం, పాఠశాల విద్యాశాఖ సహాయ నంబరు 14417, సోమవారాల్లో కలెక్టర్ ఆఫీసులో జరిగే అర్జీల దినం, ఈ మూడూ అందుబాటులో ఉన్నవే. వీటితో పని కాకపోతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ఉంది. దాని కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, ఇరువైపులా విని మూడు నెలల్లో తేల్చాలి. అప్పటికీ తృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఐదోది సమాచార హక్కు చట్టం. పది రూపాయల రుసుముతో జిల్లా విద్యాశాఖ సమాచార అధికారిని మూడు ప్రశ్నలు అడగండి: ఈ బడికి మంజూరైన పోస్టులు ఎన్ని, ఎప్పటినుంచి ఎన్ని ఖాళీ, ఇక్కడి ఉపాధ్యాయులు ఎవరైనా వేరేచోట పనిచేస్తున్నారా? ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మంజూరైన పోస్టుల్లో పది శాతానికి మించి ఖాళీలు ఉండకూడదని విద్యాహక్కు చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. ఆ జవాబు చేతిలో ఉంటే వాదించాల్సిన అవసరమే ఉండదు.

భాషా మైనారిటీ యాజమాన్యం నడిపే బళ్ళలో పిల్లలు చదివే తల్లిదండ్రులు ఒక తేడా గమనించాలి. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విద్యాహక్కు చట్టం మైనారిటీ బళ్ళకు వర్తించదని తీర్పిచ్చింది. ఆ తీర్పు సరైనదేనా అని 2025 సెప్టెంబర్ 1న ఇద్దరు న్యాయమూర్తుల బెంచి సందేహం వెలిబుచ్చి, పెద్ద బెంచి పరిశీలనకు పెట్టాలని కోరింది. అంతవరకూ 21, 32 సెక్షన్ల దారి అక్కడ మూసే ఉంటుంది. కానీ ఎయిడెడ్ బడి ఉపాధ్యాయుల జీతం ప్రభుత్వ ఖజానా నుంచే వస్తుంది. విద్యాశాఖను అడిగే హక్కు, తల్లిదండ్రుల సంఘంలో యాజమాన్యాన్ని నిలదీసే హక్కు పోలేదు. 'మన బడి కదా, మనవాళ్ళ మీద ఎట్లా రాస్తాం' అని కొందరు వెనకాడతారు. మన బడి కాబట్టే రాయాలి. మైనారిటీ హోదా సమాజానికి ఇచ్చింది పిల్లలకు మంచి చదువు చెప్పడానికి, చెప్పకపోయినా అడగకుండా ఉండడానికి కాదు.

పిల్ల చదువు ఏళ్ళ తరబడి ఆగదు, అది మాకు తెలుసు. అందుకే గడువు అంటున్నాం. జూన్‌లో లోపం కనిపిస్తే వెంటనే రాయండి. సెప్టెంబర్ త్రైమాసిక పరీక్షల నాటికి మార్పు మొదలైందా చూడండి. డిసెంబర్ అర్ధసంవత్సర పరీక్షల నాటికి ఏమీ కదలకపోతే వచ్చే జూన్‌కు వేరే బడి వెతకడం మొదలుపెట్టండి. ఆ ఆరు నెలలూ రోజుకు అరగంట పిల్లతో గట్టిగా చదివించే బాధ్యత ఇంట్లో ఎవరో ఒకరు తీసుకోవాలి. చదువురాని తల్లి కూడా పక్కన కూర్చుని వినగలదు.

మార్చాలని తేల్చుకున్నాక కూడా దారి ప్రైవేటు ఒక్కటే కాదు. పక్క ఊళ్ళో బాగా నడిచే ప్రభుత్వ బడి ఉండవచ్చు, ఎయిడెడ్ బడి ఉండవచ్చు. 5వ సెక్షన్ ప్రకారం అలాంటి బడికి మారడం పిల్ల హక్కు. హెడ్‌మాస్టర్ వెంటనే టీసీ ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ప్రైవేటు బళ్ళలో 25 శాతం ఉచిత సీట్లు ఉన్నాయని చాలామంది ఆశపడతారు. అవి ఎల్కేజీ లేదా ఒకటో తరగతి, అంటే ఆ బడిలో చేరికలు మొదలయ్యే తరగతికే. నాలుగో తరగతి పిల్లకు ఆ దారి లేదు. నవోదయ విద్యాలయం పేరు వింటుంటాం గానీ మన రాష్ట్రంలో అది ఒక్కటీ నడవడం లేదు.

డబ్బు కట్టి చేర్చేవారు రెండు లెక్కలు వేసుకోవాలి. 2009 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ప్రైవేటు బళ్ళ ఫీజును ఒక కమిటీ నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయించిన ఫీజు ఎంతో చూపించమని అడగండి, వ్యాను, పుస్తకాల ఖర్చు దానికి కలపండి. వదులుకునేది ఎంతో రెండో లెక్క. వైద్య సీట్లలో 2020 నుంచి ఉన్న 7.5 శాతం కోటా 6 నుంచి 12 దాకా ప్రభుత్వ బడిలో చదివినవారి కోసం పెట్టింది. ఆ తరువాత ఇంజనీరింగ్ లాంటి చదువులకూ దాన్ని విస్తరించారు. కాలేజీలో చేరిన అమ్మాయిలకు నెలకు వెయ్యి రూపాయలిచ్చే 'పుదుమై పెణ్' పథకం కూడా ప్రభుత్వ బడి పిల్లలతోనే మొదలైంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో తమిళ మాధ్యమంలో చదివినవారికి 20 శాతం కేటాయిస్తూ 2010లో చట్టం వచ్చింది. 2020 సవరణ తరువాత బడి చదువు నుంచే తమిళ మాధ్యమంలో సాగి ఉండాలి. ఐదో ఏట ఇంగ్లీషు మీడియం వ్యాను ఎక్కిన పిల్లకు ఇరవై రెండో ఏట ఈ తలుపు మూసుకుని ఉంటుంది. అలాగని ఎవరూ ఇంగ్లీషు మీడియంకు వెళ్ళకూడదని కాదు. తెలిసి వెళ్ళాలి.

మన తెలుగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2006 చట్టం వల్ల ఈ రాష్ట్రంలో తమిళం తప్పనిసరి, అది మన పిల్లలకు బతుకుదెరువు భాష కూడా. దానితో మనకు పేచీ లేదు. కానీ ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన వసతి కల్పించాలని 1956లో చేర్చిన రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. తరగతిలో పదిమంది గానీ బడిలో నలభైమంది గానీ ఆ భాష పిల్లలుంటే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్నది 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నుంచి వస్తున్న సూత్రం. పిల్లలు పది బళ్ళకు చెదిరిపోతే ఈ పదీ నలభై లెక్క ఎక్కడా నిండదు. ఒక బడిలో కలిసి ఉండి, చేరిక సమయంలోనే మాతృభాష తెలుగని రాయించి, కలిసి అర్జీ పెడితేనే అడిగేందుకు బలం ఉంటుంది.

ఉపాధ్యాయులకు ఒక మాట. తల్లిదండ్రులు రాసే కాగితాన్ని మీమీద ఫిర్యాదుగా చూడకండి. రెండు చేతులతో ఐదు తరగతులు లాగుతున్న మీ కష్టం పైఅధికారికి మీ నివేదికలో కన్నా తల్లుల తీర్మానంలో గట్టిగా వినిపిస్తుంది. పిల్ల వెనకబడిన సంగతి దాచకుండా చెప్పండి. దాచినప్పుడే తల్లిదండ్రులు టీసీకి వస్తారు.

కామరాజర్ పుట్టిన విరుదునగర్ మనకు దగ్గరే. ఆయన చదివిన క్షత్రియ విద్యాశాలను ఆ ఊరి నాడార్లు ఇంటింటా పిడికెడు బియ్యం పోగుచేసి నిలబెట్టారు. మనకిప్పుడు బియ్యం పోగుచేసే పని లేదు. భవనం ఉంది, చట్టం ఉంది, జీతం ప్రభుత్వం ఇస్తోంది. కావాల్సింది నెలకో పూట కూలి వదులుకుని కమిటీ సమావేశానికి వెళ్ళే పదిమంది తల్లిదండ్రులు. ఈ నెల సమావేశం ఎప్పుడో రేపే బడిలో అడగండి. మీ పిల్లను మార్చక తప్పని రోజు వస్తే, ఎందుకు మారుస్తున్నారో తీర్మానం పుస్తకంలో రాయించి మార్చండి. మిగిలిన పిల్లల కోసం రేపు అడిగేవారికి ఆ రాత పనికొస్తుంది.